ద్రాక్షారిష్టంలో మత్తు ఎక్కడి నుంచి వస్తుంది?

పులియడం వెనుక ఉన్న రసాయన శాస్త్రం – ఇంటివారు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

2022వ సంవత్సరం భీష్మ ఏకాదశి మరునాడు, ఇంకా తెల్లవారకముందే, మా మేనత్తగారి మనుమడు వచ్చి తలుపు కొట్టాడు. "నాయనమ్మ పిలిస్తే సరిగ్గ పలుకుతలేదు, ఒళ్ళంత చెమటలు" అన్నాడు. మాది ఆత్మకూర్ (ఎస్). మోత్కూరు వైపు మరొక ఆత్మకూరు ఉన్నందున, పొరపాటు పడకుండా మా ఊరి పేరుకు సూర్యాపేట తాలూకు ‘ఎస్’ అక్షరాన్ని తగిలించారు. రెండు వీధుల అవతలే అత్తమ్మ ఇల్లు. వెళ్ళి చూస్తే ఆమె మంచం మీద కూర్చుని ఉన్నది గాని చూపు నిలవడం లేదు. చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తున్నది. మధుమేహానికి మాత్రలు వాడే మనిషి. గ్లూకోమీటరు 42 చూపించింది. మింగగలుగుతున్నదని నిర్ధారించుకుని చక్కెర నీళ్ళు కొద్దికొద్దిగా తాగించాము. పావుగంటకు తెప్పరిల్లింది. ఆ రకం మాత్రల ప్రభావం గంటల తరబడి నిలిచి ఉంటుంది గనుక సూర్యాపేటకు తీసుకువెళ్ళాము. అక్కడ ఆ పగలంతా పరిశీలనలో ఉంచారు.

వైద్యుడు గుచ్చి గుచ్చి అడిగిన మీదట విషయం బయటపడింది. ముందురోజు ఉదయం అలవాటు కొద్దీ మాత్ర వేసుకున్నది. ఏకాదశి గనుక అన్నం ముట్టలేదు. రాత్రి నీరసంగా ఉంటే గూట్లో ఉన్న ద్రాక్షారిష్టం ఒక గ్లాసు నిండా వంచుకుని తాగింది. "ద్రాక్షపండ్ల మందే గద, ఉపాసానికి దోసం లేదనుకున్న" అన్నది. మాత్ర, ఉపవాసం, మద్యం – మూడూ కలిశాయని వైద్యుడు చెప్పాడు. మద్యం అన్న మాట చెవిన పడగానే జన్మలో కల్లు వాసన చూడని మా అత్తమ్మ నా వైపు తిరిగి, "ఏందిరా, నాకు కల్లు తాపిచ్చినవా?" అని అడిగింది.

ఆ అరిష్టాన్ని జాడీలో పెట్టి, వడగట్టి, సీసాలో పోసి ఇచ్చినది నేనే. చాలా ఏళ్ళు పిల్లలకు రసాయన శాస్త్రం బోధించిన వాడిని. ఆనాడు ఆమెకు సమాధానం చెప్పలేకపోయాను.

తీపి ఎక్కడికి పోయింది?

ఆయుర్వేదంలో ఆసవాలు, అరిష్టాలు సంధాన కల్పన అనే విభాగానికి చెందుతాయి. మూలికలను కాచకుండా నానబెట్టి పులియబెడితే ఆసవం. కషాయం కాచి, అందులో బెల్లం, తేనె కలిపి పులియబెడితే అరిష్టం. శార్ఙ్గధర సంహిత మధ్యమ ఖండంలోని పదవ అధ్యాయం వీటి గురించే. పాళ్ళు ప్రత్యేకంగా చెప్పని చోట ఒక ద్రోణం ద్రవానికి ఒక తులం బెల్లం, అందులో సగం తేనె, పదో వంతు ప్రక్షేప చూర్ణం వేయమని ఆ గ్రంథం నిర్దేశిస్తుంది. ఇక్కడ తులం అంటే మన బంగారపు తులం కాదు సుమా! నేటి కొలతల్లో ద్రోణం సుమారు 12 లీటర్లు, ఈ ‘తుల’ 4.8 కిలోలు. పన్నెండు లీటర్లకు బెల్లం, తేనె కలిసి ఏడు కిలోల పైచిలుకు! అంత చిక్కని తీపిలో ఈస్టు కొంత దూరమే పని చేసి అలసిపోతుంది. అందువల్లనే శాస్త్రోక్తంగా చేసిన అరిష్టం తియ్యగానే ఉంటుంది. అందులో స్వయంగా జనించిన ఆల్కహాల్ సాధారణంగా 5 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది.

నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, అత్తమ్మకు మధుమేహం ఉన్నది కదా అని బెల్లం బాగా తగ్గించాను. కిస్‌మిస్ కషాయంలోని తీపి, బెల్లంలోని తీపి కలిపితే మొత్తం ఆరు లీటర్లకు చక్కెర దాదాపు ఒక కిలో ఉండి ఉంటుంది. దానిని కూడా నాలుక మీద తీపి తగలనంత వరకు, నెలన్నరపాటు పులియనిచ్చాను. ‘తీపి పూర్తిగా పోయింది, ఇక ఈమెకు భయం లేదు’ అనుకున్నాను. పదార్థం ఎక్కడికీ పోదన్న మొదటి పాఠాన్నే మరచిపోయాను.

లెక్క చాలా సులభం. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తాయి. అంటే కిలో చక్కెరకు గరిష్ఠంగా 510 గ్రాముల ఆల్కహాల్. ఆరు లీటర్లకు పంచితే లీటరుకు 85 గ్రాములు. ఆచరణలో కొంత తగ్గుతుందనుకున్నా, అత్తమ్మ తాగిన 200 మిల్లీలీటర్ల గ్లాసులో 15 గ్రాముల వరకు ఉండి ఉంటుంది. ఐదు శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో ఉండేది సుమారు 26 గ్రాములు. అంటే ఏకాదశి నాడు, ఖాళీ కడుపుతో, మా అత్తమ్మ సగం సీసాకు పైగా బీరు తాగినట్లే.

కావడి మోసే అణువు

మరి చక్కెర ఆల్కహాల్‌గా ఎందుకు మారుతుంది? ఈస్టుకు మత్తుతో పని లేదు. దాని కష్టం వేరే.

ఏ జీవకణమైనా చక్కెరను విడగొట్టేటప్పుడు దాని నుంచి ఎలక్ట్రాన్లను, వాటితోపాటు హైడ్రజన్‌ను లాగుతుంది. ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణం. వాటిని పుచ్చుకోవడం క్షయకరణం. అప్పు ఇచ్చేవాడు ఉన్నాడంటే పుచ్చుకున్నవాడు ఒకడు ఉండే తీరాలి. అలాగే ఇవి రెండూ జంటగానే జరుగుతాయి. చక్కెర నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను పుచ్చుకునే అణువు పేరు ఎన్‌ఏడీ. దీనిని మనం కావడి అనుకుందాము. కావడికి రెండు కుండలు ఉన్నట్లే ఇది ఒక్కో విడతకు రెండు ఎలక్ట్రాన్లను మోస్తుంది.

ఒక గ్లూకోజు అణువు రెండు పైరువేట్ ముక్కలుగా విడిపోయేసరికి రెండు కావడులు నిండుతాయి. ఈస్టుకు నికరంగా రెండు ఏటీపీలు – అంటే కణం ఖర్చు పెట్టుకునే శక్తి నాణేలు – దక్కుతాయి. కాని కణంలో కావడులు లెక్కకు తక్కువే. నిండినవి ఎక్కడో ఒకచోట ఖాళీ కాకపోతే తరువాతి చక్కెరను విడగొట్టడానికి ఒక్కటీ మిగలదు. పని ఆగిపోతుంది. గాలి ఉన్నచోట కణాలు ఆ బరువును చివరకు ప్రాణవాయువు మీద దింపుకోగలవు. మన కణాలు ఈ విధంగా ఒక్క గ్లూకోజు నుంచి దాదాపు 30 ఏటీపీలు సంపాదిస్తాయి. మూత బిగించిన జాడీలో ఆ వీలు లేదు.

అప్పుడు ఈస్టు రెండు అడుగులు వేస్తుంది. మొదట పైరువేట్ నుంచి బొగ్గుపులుసు వాయువును విడగొట్టి అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఈ పనికి విటమిన్ బి1 నుంచి తయారయ్యే సహాయక అణువు కావాలి. తరువాత నిండిన కావడిని తెచ్చి ఆ అసిటాల్డిహైడ్ మీద దింపుతుంది. బరువు పుచ్చుకున్న అసిటాల్డిహైడ్ ఆల్కహాల్ అవుతుంది. ఖాళీ అయిన కావడి మళ్ళీ చక్కెర దగ్గరకు పోతుంది. ఈస్టు దృష్టిలో ఆల్కహాల్ అంటే బరువు దించుకున్న చోటు, అంతే. చక్కెరలోని శక్తిలో అధిక భాగం దానిలోనే ఉండిపోతుంది. గ్రాముకు 7 కేలరీలు అని పోషకాహార పట్టికలు చెప్పేది ఆ మిగిలిన శక్తినే. (చక్కెర మరీ ఎక్కువగా ఉంటే గాలి తగులుతున్నా ఈస్టు ఈ దారినే పడుతుందన్నది వేరే విశేషం.)

మన వంటింట్లో పెరుగు తోడుకోవడమూ ఈ కథే. తోడులోని సూక్ష్మజీవులు కావడిని నేరుగా పైరువేట్ మీదనే దింపుతాయి. అది లాక్టిక్ ఆమ్లం అవుతుంది, పాలు పులుపెక్కి పెరుగవుతాయి. పెరుగుకూ కల్లుకూ ఉన్న తేడా కావడిని ఎక్కడ దించారన్నదే! దించే చోటును మనిషి బలవంతంగా మార్చిన సందర్భం కూడా ఒకటి ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పేలుడు పదార్థాలకు గ్లిసరిన్ కొరత వచ్చినప్పుడు జర్మనీలో పులుస్తున్న చక్కెర ద్రావణంలో సల్ఫైటు కలిపారు. అది అసిటాల్డిహైడ్‌ను పట్టి బంధిస్తుంది. దించే చోటు పోయేసరికి ఈస్టు మరో పదార్థం మీద బరువు దించి గ్లిసరిన్‌ను తయారు చేసింది.

ఈ రహస్యాన్ని ఛేదించడానికి సుమారు నలభై ఏళ్ళు పట్టింది. 1897లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును నలిపి తీసిన రసం, అందులో ఒక్క సజీవ కణం లేకపోయినా, చక్కెరను పులియబెట్టగలదని చూపించాడు. 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ అనే ఆంగ్లేయులు ఆ రసంలో మరిగించినా చెడని చిన్న అణువు ఒకటి ఉన్నదని, అది లేనిదే పులియడం సాగదని కనుగొన్నారు. మన కావడి అదే. హార్డెన్, ఆయిలర్‌లకు 1929లో నోబెల్ బహుమతి లభించింది. అదే 1929లో ఏటీపీని అమెరికాలో ఫిస్కేతో కలిసి వేరుచేసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన విదేశాలకు వెళ్ళకముందు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో బాధపడగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స గుణమిచ్చింది. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావుగారు అధ్యాపకులుగా కూడా పనిచేశారు. ఈ పత్రిక పాఠకులు గర్వించదగిన సంగతి గనుక ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

జాడీకి ముద్ర ఎందుకు వేస్తారు?

పూర్వం జాడీ మూతి మీద మూకుడు బోర్లించి, బట్ట చుట్టి, మట్టితో మెత్తి ముద్ర వేసేవారు. గాలి చొరబడితే మరో జాతి సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. అవి ఆల్కహాల్ నుంచి హైడ్రజన్‌ను తిరిగి లాగి ప్రాణవాయువుకు అప్పగిస్తాయి. అప్పుడు ఆల్కహాల్ అసిటాల్డిహైడ్ మీదుగా అసిటిక్ ఆమ్లం, అంటే సిర్కా, అవుతుంది. మన గ్రంథాలు శుక్తమని పిలిచినది ఇటువంటిదే. ముక్కు పుటాలను గుచ్చే వాసన వస్తే ఆ అరిష్టం చెడిపోయినట్లే.

అయితే మొదటి రోజుల్లోనే బిగించి ముద్ర వేయడం ప్రమాదం. కిలో చక్కెర పులిస్తే 490 గ్రాముల వాయువు వస్తుందన్నాము కదా, మామూలు ఉష్ణోగ్రత వద్ద దాని ఘనపరిమాణం దాదాపు 270 లీటర్లు! జాడీని నిండుగా పోయకుండా నాలుగో వంతు ఖాళీ వదలమనడంలోని ఆంతర్యం ఇదే. పులుస్తున్న జాడీకి చెవి పెడితే చిటపట వినిపిస్తుంది. వెలిగించిన అగ్గిపుల్లను మూతి దగ్గరకు తెస్తే ఆరిపోతుంది. చప్పుడు ఆగి, పుల్ల ఆరకుండా నిలిచిన నాడు సంధానం ముగిసిందని వైద్యులు గుర్తిస్తారు. రసాయన శాస్త్రం చదవని కాలంలో పుట్టిన పరీక్ష ఇది. నేటికీ దీనికి వంక పెట్టలేము.

మా అత్తమ్మ ప్రశ్నకు వస్తే, కల్లులోనూ ఇదే ఆల్కహాల్, ఇదే మార్గంలో పుడుతుంది. మా పక్క తాటిచెట్టు మీది నుంచి లొట్టిలోకి దిగిన రసం ఉదయం తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పుల్లబడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే సూక్ష్మజీవులకు ఆ క్షారం గిట్టక పులియడం నిలిచిపోతుంది. ఆ తియ్యని రసమే నీరా. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. అటువంటి కల్లులో కలిపే ఆల్‌ప్రజోలాం వంటి మత్తుమందులు ఏ చెట్టులోనూ, ఏ ఈస్టులోనూ పుట్టవు, మనుషులు తెచ్చి కలిపేవే. పులియడాన్ని తప్పుపట్టే ముందు ఈ భేదం గుర్తుంచుకోవడం గీత వృత్తివారి పట్ల మన కనీస న్యాయం.

కాలేయంలో ఎదురు నడక

మనం మింగిన ఆల్కహాల్‌ను కాలేయం విడగొడుతుంది. ఎలా? ఈస్టు నడిచిన దారిలోనే, కాని వెనక్కు. ఆల్కహాల్ నుంచి ఎలక్ట్రాన్లను లాగి కావడిలో వేస్తే అసిటాల్డిహైడ్. దాని నుంచి మళ్ళీ లాగితే అసిటేట్. ఒక్కో ఆల్కహాల్ అణువుకు రెండు కావడులు నిండుతాయి. జాడీలో ఈస్టు కష్టపడి దించుకున్న బరువంతా మన కాలేయం నెత్తికెత్తుకుంటుందన్నమాట.

ఉపవాసం ఉన్నప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది కాలేయమే. మొదట నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను కరిగిస్తుంది. అది తరిగిపోయేకొద్దీ లాక్టిక్ ఆమ్లం, పైరువేట్ వంటివాటి నుంచి కొత్తగా గ్లూకోజును తయారు చేస్తుంది. ఈ తయారీకి ఖాళీ కావడులు కావాలి. ఆల్కహాల్ వచ్చి వాటిని నింపి పెడితే, ఉన్న పైరువేట్ కూడా లాక్టిక్ ఆమ్లం వైపు మళ్ళుతుంది. కొత్త గ్లూకోజు తయారీ కుంటుపడుతుంది. ఆ రాత్రి మా అత్తమ్మ శరీరంలో మాత్ర ఒకవైపు ఇన్సులిన్‌ను ప్రేరేపిస్తూనే ఉన్నది. కడుపులో అన్నం లేదు. కాలేయం చేతులు కట్టివేసినట్లయింది. చెమటలు, వణుకు, తడబాటు అందుకే వచ్చాయి. మత్తు అనుకుని పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం వేస్తుంది.

రోజూ తాగేవారి కాలేయంలో కొవ్వు పేరుకోవడానికి కూడా ఈ కావడుల కిక్కిరింపు ఒక ముఖ్య కారణం. వారిలో బి1 లోపం కూడా తరచుగా కనిపిస్తుంది. ఇంకొక మాట. ఈ కావడిని చేసే కలప నియాసిన్ అనే బి విటమిన్. అది లోపిస్తే చర్మం, జీర్ణకోశం, మెదడు మూడూ దెబ్బతినే పెల్లాగ్రా వ్యాధి వస్తుంది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, వారి సహచరులు 1960ల్లో జొన్న ప్రధానాహారంగా గల దక్కన్ పేదల్లో ఈ వ్యాధిని పరిశీలించి, జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్‌కు ఇందులో పాత్ర ఉన్నదని ప్రతిపాదించారు. జొన్నరొట్టెతో పప్పు, పాలు, పల్లీలు చేర్చుకునే ఇళ్ళలో దీనికి భయపడనక్కరలేదు.

ఇంట్లో పాటించవలసినవి

అరిష్టాలను నిందించడం నా ఉద్దేశం కాదు. సాధారణ మోతాదు 12 నుంచి 24 మిల్లీలీటర్లు, సమానంగా నీరు కలిపి, భోజనం తరువాత. ఎనిమిది శాతం ఆల్కహాల్ ఉన్న అరిష్టం 24 మిల్లీలీటర్లు తీసుకుంటే లోపలికి పోయేది ఒకటిన్నర గ్రాములు మాత్రమే. ఇక్కడ మోతాదే మందును మందుగా నిలుపుతుంది. నేను సీసా ఇచ్చానే గాని కొలత మూత ఇవ్వలేదు.

మధుమేహానికి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు వైద్యుని అడగకుండా ఏ ఆసవారిష్టమూ పుచ్చుకోకూడదు. అరిష్టం తియ్యగా ఉంటే అందులో చక్కెర ఉన్నది, తీపి లేకపోతే అది ఆల్కహాల్ అయి ఉన్నది. వీరికి రెండూ మేలు చేయవు. కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, మద్యం మానే చికిత్సలో డైసల్ఫిరాం మాత్రలు వేసుకునేవారు పూర్తిగా దూరంగా ఉండాలి. డైసల్ఫిరాం అసిటాల్డిహైడ్‌ను ముందుకు కదలనివ్వదు. కొద్దిపాటి అరిష్టానికే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ రావచ్చు. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం వద్దనే హెచ్చరిక అరిష్టాలకూ వర్తిస్తుంది. పిల్లలకు, పాలిచ్చే తల్లులకు దశమూలారిష్టం వంటివి ఆనవాయితీగా ఇచ్చే ఇళ్ళలో, అవే మూలికలతో అప్పటికప్పుడు కాచిన కషాయం సరిపోతుందా అని వైద్యుని అడగండి. కషాయంలో ఆల్కహాల్ ఉండదు. ఉదయం కాచినది సాయంత్రానికల్లా వాడి, మిగిలితే పారబోయండి.

మధుమేహ రోగి చెమటలు పట్టి తడబడుతుంటే, మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించండి.

ఆ మరుసటి ఏడాది నుంచి వైద్యుని సలహా మీద అత్తమ్మ ఏకాదశి నాడు మాత్ర వేసుకునే వేళకు పాలు, పండ్లు తీసుకుంటున్నది. నా జాడీని ఆమే అడిగి తీసుకుపోయింది. ప్రతి వేసవిలో అందులో మామిడికాయ పెడుతుంది. ఈ మధ్య వెళ్ళినప్పుడు, కిస్‌మిస్‌లు నానబెట్టిన గిన్నె మీది మూత తీసి, "ఇవి రాత్రి నానేసిన. ఇండ్లనన్న లేదు గద ఆ కావడి?" అని అడిగింది. నేను గిన్నె అందుకుని ముందు వాసన చూశాను.